అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తారు?

తిరుచానూరులో ఇల్లుంటే చుట్టాలకు కొదవ ఉండదు. కొండకు పోయేవాళ్లు, కొండ దిగి అమ్మవారి దర్శనానికి వచ్చేవాళ్లు, కార్తీక బ్రహ్మోత్సవాలకనీ పంచమీతీర్థానికనీ వచ్చేవాళ్లు, ఏడాది పొడుగునా ఎవరో ఒకరు గడపలో చెప్పులు విడుస్తూనే ఉంటారు. మిగతా ఇళ్లలో అది సందడి. ఆటిజం ఉన్న పిల్లాడున్న ఇంట్లో లెక్క వేరు. వాడి మంచం మీద ఎవరివో సంచులు, వాడి గ్లాసులో ఎవరో నీళ్లు తాగుతున్నారు, హాలంతా తెలియని గొంతులు. వాడు చెవులు మూసుకుని మూలకు పోతాడు. ఆ మూల కూడా దొరక్కపోతే అరుస్తాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు. అరుపు ఆగకముందే సలహాలు మొదలవుతాయి. "వసకొమ్ము అరగదీసి నాకించినారా?" "మొక్కేదన్నా మర్చిపోయినారేమో చూసుకోండి." "వాళ్ల నాయన కూడా లేటుగానే మాట్లాడినాడు, ఏం కాదు." గుండెలో దిగే మాట చివర్న వస్తుంది: "నువ్వు ఫోను చేతికిచ్చినందుకే వాడు ఇట్లయినాడు."

అందరూ పడుకున్నాక ఆ తల్లి ఫోను తీస్తుంది. ఆటిజం పిల్లల తల్లిదండ్రుల గ్రూపొకటి తెరిచి, పొద్దున్నుంచి జరిగింది రాస్తుంది. నిమిషంలో ఎక్కడి నుంచో జవాబు వస్తుంది: "మా వాడూ అంతే అక్కా. మా ఆడబిడ్డ వచ్చిన రోజు ఇదే జరిగింది." ఆమె ఊపిరి కాస్త తేలికపడుతుంది.

మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుంటే, ఈ నాలుగు మాటలు మీకోసం. ఆ గ్రూపు వదిలేయమని నేను చెప్పను. దాన్నుంచి ఏం తీసుకోవాలి, ఏది అక్కడే వదిలేయాలి అన్నదే నేను చెప్పదలచుకున్నది.

ఆ గ్రూపు అవసరం నిజమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో దాదాపు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. అంటే మీ వీధిలో మీ ఇల్లొక్కటే కావచ్చు. రెండో ఇల్లు యోగిమల్లవరంలోనో పాడిపేటలోనో ఉంటుంది. ఇద్దరూ ఒకే కూరగాయల బండి దగ్గర నిలబడి బేరమాడి ఉంటారు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఫోను లేకపోతే ఆ రెండిళ్లూ కలిసేవే కావు.

తల్లిని తప్పుపట్టడం మన ఊరితో మొదలు కాలేదు. అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 1943లో 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజానికి వైద్యంలో చోటిచ్చాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమగా దగ్గరికి తీసుకోకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని పెద్ద పెద్ద డాక్టర్లే నమ్మారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదంతో ఒక పుస్తకమే వేశాడు. ఎందరో తల్లులు ఆ నింద మోస్తూ బతికారు. దానికి ఎదురు నిలబడిన వాళ్లలో ముందున్నది ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్లాండ్ మనస్తత్వ శాస్త్రం చదివినవాడు, కొడుక్కి ఆటిజం. ఇది పెంపకంలో లోపం కాదు, మెదడు నిర్మాణానికి సంబంధించిన సంగతి అని 1964లోనే పుస్తకం రాసి, మరుసటి ఏడాది తనలాంటి తల్లిదండ్రుల్ని కూడగట్టి సంఘం పెట్టాడు. ఇంగ్లండులో తల్లిదండ్రులు 1962లోనే ఆ పని చేశారు. మన దేశంలో మెర్రీ బరువా అనే తల్లి 1991లో ఢిల్లీలో 'యాక్షన్ ఫర్ ఆటిజం' మొదలుపెట్టింది. 1995లో దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు చాలా 'పరివార్' పేరుతో ఒక్కటయ్యాయి. ఆ ఏడు వచ్చిన వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి ఎక్కింది. 2016 చట్టంలో 21 వైకల్యాల జాబితాలో చేరింది. మీరు ఫోన్లో చూస్తున్న గ్రూపు ఆ సంఘాలకు మనవరాలి వరస.

కాబట్టి మీ ఆడబిడ్డో పక్కింటి పెద్దమ్మో "నీ వల్లే" అన్నప్పుడు, ఆ మాట ఎప్పుడో వీగిపోయిందని మనసులో గట్టిగా అనుకోండి. ఫోను ఎక్కువ చూస్తే పిల్లలకు మాటలు ఆలస్యం కావచ్చు, ఆట తగ్గవచ్చు. తగ్గించడం ఏ పిల్లాడికైనా మంచిదే. కానీ అమ్మ ఫోను ఇచ్చినందుకు ఆటిజం రాదు. అది ఎక్కువగా పుట్టుకతో, జన్యువులతో వచ్చేది.

మీ అలసట కూడా ఊహ కాదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎదిగిన ఆటిజం పిల్లల తల్లుల లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోను కొలిచి, 2010లో ఆ వివరాలు ప్రచురించారు. ఏళ్లకేళ్లు ఒత్తిడిలో బతికిన వాళ్లలో, యుద్ధరంగం చూసి వచ్చిన సైనికుల్లో కనిపించే తీరే ఆ తల్లుల్లోనూ కనిపించింది. "పిల్లాడితో ఇంట్లో ఉండేదేగా, ఏం పని?" అని ఎవరైనా అంటే బాధపడండి గానీ, వాళ్ల మాట నమ్మకండి.

మరి ఆ ఒత్తిడిని ఏది తగ్గిస్తుంది? బ్రయన్ బోయ్డ్ అనే పరిశోధకుడు 2002లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు ముందేసుకుని చూశాడు. డాక్టర్లు, థెరపిస్టులు ఇచ్చే సాయం కన్నా భర్త, బంధువులు, స్నేహితులు, తనలాంటి ఇంకో తల్లి ఇచ్చే అండ తల్లి ఒత్తిడిని బాగా తగ్గిస్తుందని తేలింది. థెరపీ పిల్లాడికి కావాలి, అందులో సందేహం లేదు. తల్లికి కావలసింది మనిషి.

ఇక్కడే గ్రూపు విషయంలో చాలామంది పొరబడేది. గ్రూపులో రెండొందల మంది ఉన్నారంటే రెండొందల మంది అండ ఉన్నట్టు కాదు. అది రచ్చబండ లాంటిది. కబుర్లు, ఓదార్పు దొరుకుతాయి. ఇంటికొచ్చి గంటసేపు బిడ్డను పట్టుకునే మనిషిని మాత్రం అక్కణ్నుంచి వెతికి తెచ్చుకోవాలి. గ్రూపులో చేరిన మొదటి నెలలోనే మీ జిల్లావాళ్లెవరో, మీ పిల్లాడి వయసు పిల్లలున్నదెవరికో అడగండి. ఇద్దరో ముగ్గురో తేలితే చాలు, వాళ్లతో వేరే మాట్లాడండి, ఒకసారి కలవండి. మిగతా గ్రూపును రాత్రి పూట మ్యూట్‌లో పెట్టేయండి. ఆటిజం పిల్లల్లో నిద్ర సమస్యలు ఎక్కువ. వాడు పడుకున్న రెండు గంటలూ ఎవరి ఇంట్లోనో జరిగిన గొడవ చదువుతూ మీరు మేలుకుంటే, తెల్లవారి వాడు లేచేసరికి మీ ఒంట్లో శక్తి ఉండదు.

పోలికల సంగతి మాట్లాడాలి. మన తెలుగు గ్రూపుల్లో డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ కూడా తల్లిదండ్రులు ఉంటారు. అమెరికాలో 50 రాష్ట్రాల్లోనూ ఆటిజం చికిత్సకు ఇన్సూరెన్సు వర్తించే చట్టాలున్నాయి. వారానికి ఇరవై, ముప్పై గంటల థెరపీ అని వాళ్లు రాస్తే, వారానికి రెండు సెషన్ల కోసం బిడ్డను ఆటోలో తిరుపతికి తీసుకుపోయే తల్లికి కడుపు తరుక్కుపోతుంది. కానీ అదే డల్లాస్ తల్లితో కాసేపు మాట్లాడి చూడండి. ఆమెకు జ్వరమొస్తే బిడ్డకు అన్నం పెట్టే అవ్వ లేదు. దుకాణంలో వాడు నేల మీద పడి ఏడిస్తే ఎత్తుకునే మేనమామ లేడు. మీకు అవ్వ ఉంది, థెరపీ గంటలు లేవు. ఆమెకు గంటలున్నాయి, అవ్వ లేదు. ఆమె థెరపిస్టు నేర్పిన ఆట ఒకటి మీకు వీడియో తీసి పంపవచ్చు. బొమ్మలతో రోజు షెడ్యూలు ఎలా తయారు చేయాలో, చేతి సంజ్ఞలతో 'ఇంకా కావాలి' అనడం ఎలా నేర్పాలో చెప్పవచ్చు. ఇంట్లో తల్లిదండ్రులే నేర్చుకుని చేసే శిక్షణకు విలువ ఉందని గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ చేసి, 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో ప్రచురించిన పరిశోధన చూపించింది. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలే ఆ తల్లిదండ్రులకు నేర్పారు. కాబట్టి పెద్ద సెంటరు దగ్గర్లో లేదని అంతా అయిపోయినట్టు అనుకోకండి. మీ అవ్వను కూడా ఆ ఆటలో కూర్చోబెట్టండి.

ఇక గ్రూపుల్లో నన్ను నిజంగా భయపెట్టేది మందుల ప్రచారం. ఎవరో ఒకరు "మా బాబు పూర్తిగా నయమయ్యాడు" అని రాస్తారు, కింద ఒక ఫోన్ నంబరు. స్టెమ్ సెల్స్ అంటారు, ఒంట్లో విషలోహాలు తీసేస్తామంటారు, టీకాల వల్లే వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు వేయించొద్దంటారు. ఇప్పటిదాకా తెలిసిన సంగతి చెబుతాను. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స సిఫారసు చేయదగినది కాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022 డిసెంబరులో ప్రకటించింది. విషలోహాలు తీసే మందు ఎక్కించడంతో 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు చనిపోయాడు. ఒక టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. రాసిన డాక్టరు వేక్‌ఫీల్డ్ పేరును బ్రిటన్ వైద్యుల రిజిస్టరు నుంచి తీసేశారు. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల్ని పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఆ టీకాతో ఆటిజం పెరిగిన జాడ కనబడలేదు. ఆటిజాన్ని తీసేసే మందు ఈ రోజుకు లేదు. పిల్లాడి మాట, ఆట, నిద్ర, చదువు మెరుగుపరిచే దారులున్నాయి.

అప్పు చేసి, తాళిబొట్టు తాకట్టు పెట్టి లక్షలు పోసిన కుటుంబాల మీద నాకు కోపం రాదు. బిడ్డ ఒక్కసారి 'అమ్మా' అంటే చాలనుకునే తల్లి ముందు ఎవరు ఏ ఆశ చూపినా చేయి చాస్తుంది. కాబట్టి మీ ఆశ చల్లారినాకే డబ్బు తీయండి. ఆ రోజే నిర్ణయం తీసుకోమని తొందరపెట్టేవాళ్లను ఒక వారం ఆపండి. ఆ వారంలో మీ పిల్లల డాక్టరును అడగండి. 'పూర్తిగా నయం' అని రాతపూర్వకంగా ఇవ్వమని ఆ సెంటరువాళ్లను అడగండి, ఇవ్వరు.

అదే గ్రూపు ఎక్కడ బంగారమంటే కాగితాల దగ్గర. ఈ దారి ముందే నడిచిన తల్లికి తెలిసినంత ఏ ఆఫీసు బోర్డూ చెప్పదు. వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి స్లాటు సచివాలయంలోనో మీసేవలోనో తీసుకోవాలి. శిబిరానికి పోయినప్పుడు పిల్లాడు గదిలో బొమ్మలా కూర్చున్నా కంగారుపడవద్దు, ఇంట్లో తీసిన వీడియోలు ఫోన్లో పెట్టుకుని పోండి. ధ్రువపత్రం కోసం వాడే 'ఐసా' కొలమానంలో 40 అంశాలుంటాయి. అది మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలోనే తయారైంది. ఒక్కో అంశానికి మీ ఇంటి సంఘటన ఒకటి రాసుకుని పోతే, అడిగినప్పుడు తడుముకోరు. 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను వస్తుంది, 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. నేషనల్ ట్రస్ట్ వాళ్ల 'నిరామయ' ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలున్నాయి, అక్కడి టీచరుతో మాట్లాడండి. ఇవన్నీ అయినవాళ్లు, తర్వాత వచ్చే తల్లికి చెప్పండి. తన కాగితాలు అయిపోగానే గ్రూపులోంచి మాయమైపోయే తండ్రుల్ని చూస్తే నాకు బాధేస్తుంది.

తండ్రుల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. చాలా గ్రూపుల్లో తల్లులే మాట్లాడతారు, నాన్న పేరు సభ్యుల పట్టికలో మాత్రం ఉంటుంది. అయ్యా, మీరు ఓదార్పు మాటలు రాయకపోయినా సరే. సదరం స్లాటు, బీమా దరఖాస్తు, స్కూలువాళ్లతో మాట్లాడటం మీ పని అనుకోండి. ఆదివారం పొద్దున రెండు గంటలు బిడ్డను మీరు బయటికి తీసుకుపోండి. ఆమె ఆ రెండు గంటలు పడుకుంటుందో, గుడికి పోతుందో, గోడ చూస్తూ కూర్చుంటుందో అడగవద్దు.

బిడ్డ వీడియోల గురించి ఒక చిన్న మాట, కానీ ముఖ్యమైనది. వాడు నేల మీద పడి ఏడుస్తున్నప్పటి వీడియో గ్రూపులో పెట్టకండి. డాక్టరుకు చూపించండి, థెరపిస్టుకు చూపించండి. వాడు పెద్దవాడవుతాడు. ఆ వీడియో ఎన్ని ఫోన్లలోకి పోయిందో అప్పటికి మీకూ తెలియదు.

ఇక చుట్టాలు. వాళ్లు రాకుండా ఆపలేం, ఆపనక్కరా లేదు. బయల్దేరే ముందే ఫోన్లో నాలుగు ముక్కలు పంపించండి, గ్రూపులో పెద్దవాళ్లను అడిగితే రాసి పెడతారు కూడా. ఇట్లా: "మావాడికి ఆటిజం ఉంది. కొత్తవాళ్లు వస్తే గదిలోకి పోతాడు, పలకరించకపోయినా ఏమనుకోవద్దు. ముద్దు పెట్టుకోవద్దు, బలవంతంగా ఎత్తుకోవద్దు. వాడి మంచం, వాడి గ్లాసు వాడికే వదిలేయండి." కొంతమంది మూతి ముడుస్తారు. కొంతమంది, ముఖ్యంగా మీరు అనుకోనివాళ్లు, వచ్చాక "మేమేం చెయ్యాల?" అని అడుగుతారు. అలా అడిగిన మనిషిని వదులుకోకండి. ఏ పని కావాలో పేరు పెట్టి చెప్పండి: సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా వాడి పక్కన కూర్చోవాలి, అంతే. 'ఏదన్నా సాయం కావాలంటే చెప్పు' అన్నవాళ్లకు 'సరే' అనేసి ఊరుకుంటే అది సాయంగా మారదు.

అమ్మవారి దర్శనానికి పోవాలంటే ఇంకో ఆటిజం కుటుంబంతో కలిసి పోండి. శుక్రవారం, పంచమి తీర్థం రోజులు వద్దు, మైకులూ మేళాలూ జనం తోపులాట వాడికి నరకం. మామూలు రోజు మధ్యాహ్నం పూట పోండి. ఒక కుటుంబం లోపలికి పోతుంటే ఇంకో కుటుంబం పిల్లలిద్దరితో బయట ఉంటుంది, తర్వాత మార్చుకోవచ్చు. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టినందుకు ఎవరైనా తేరిపార చూస్తే చూడనివ్వండి, పక్కన ఇంకో పిల్లాడి చెవులకూ అదే ఉంటుంది కదా. పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు ఉంటే, ముందు ఇంట్లో తల తడపడం, తల పట్టుకోనివ్వడం అలవాటు చేసి, చాలా రోజులకు గానీ కల్యాణకట్టకు తీసుకుపోకండి. దేవుడు తొందరపెట్టడు. తొందరపెట్టేది మనుషులే.

చివరిగా ఒక కష్టమైన సంగతి. గ్రూపులో ఒక రాత్రి ఎవరో "నావల్ల కాదు, వాడినీ తీసుకుని పోతాను" అని రాయవచ్చు. అప్పుడు కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడటం చాలదు. రాసినామెకు వెంటనే ఫోన్ చేయండి. 'చనిపోవాలనిపిస్తోందా?' అని నేరుగా అడగండి, అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. మాట్లాడుతూ ఉండండి, ఈలోగా ఆమె ఊళ్లో ఉన్నవాళ్లను ఇంటికి పంపమని అడ్మిన్‌ను అడగండి. అడ్మిన్లు ఇందుకోసమైనా ప్రతి సభ్యుడి దగ్గర ఊరి పేరు, ఇంట్లో ఇంకొకరి నంబరు తీసి పెట్టుకోవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ ఆలోచన వచ్చింది మీకే అయితే, గ్రూపులో రాయడం కన్నా ముందు ఆ నంబరు నొక్కండి. ఇప్పుడే మీ ఫోన్లో సేవ్ చేసి పెట్టుకోండి, ఇంట్లో రెండో ఫోన్లో కూడా.